హెచ్‌ఎస్‌పీఎక్స్ బ్లాట్: బ్యాండ్ రాకపోయినా, మరీ ఎక్కువ వచ్చినా

క్షయ బ్యాక్టీరియా నిద్రాణ స్థితికి చేరిందో లేదో చూడటానికి హెచ్‌ఎస్‌పీఎక్స్ అనే 16 కిలోడాల్టన్ల ప్రోటీన్ మంచి గుర్తు. దాన్ని వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో బ్యాండ్‌గా చూస్తాం. విశాఖలో బీఎస్ఎల్-3 (ప్రమాదకర క్రిముల కోసం గట్టి భద్రత ఉన్న ల్యాబ్) అందుబాటులో లేని విద్యార్థులు హెచ్37ఆర్ఏ, బీసీజీ అనే బలహీన రకాలతో ఈ పని చేయొచ్చు.

16 కిలోడాల్టన్ల దగ్గర ఏమీ లేదు

యాంటీబాడీని తిట్టే ముందు కల్చర్‌ని అనుమానించండి. గాలి బాగా అందుతూ చురుగ్గా పెరిగే కల్చర్‌లో ఈ ప్రోటీన్ చాలా తక్కువ. ఆక్సిజన్ తగ్గిందని బ్యాక్టీరియాలోని సెన్సర్ ప్రోటీన్లు డాస్‌ఎస్, డాస్‌టీ పసిగట్టి, జన్యువులను నడిపే డాస్‌ఆర్‌కి కబురందిస్తేనే, దాని అదుపులోని సుమారు 48 జన్యువులతో పాటు ఇదీ పెరుగుతుంది.

ఆక్సిజన్ మెల్లగా తగ్గేలా చేసే వేన్ పద్ధతిలో 17 మి.లీ. కల్చర్‌కి పైన 8.5 మి.లీ. ఖాళీ వదిలి, రబ్బరు మూత బిగించి, మెల్లగా కలుపుతూ ఉంచాలి. ఆక్సిజన్ అయిపోతే రంగు పోయే సూచికగా కొన్ని ట్యూబుల్లో మి.లీ.కి 1.5 మైక్రోగ్రాముల మిథిలీన్ బ్లూ వేయండి. నీలం పోవడానికి రోజులు పడుతుంది, తొందరపడొద్దు. మిగతావన్నీ తేటపడ్డాక కూడా ఒక్కటే నీలంగా ఉంటే దాని మూత లీకవుతున్నట్టే. ఆ ట్యూబుని లెక్కలోంచి తీసేయండి.

నీలం పోయినా బ్యాండ్ లేదా? కణగోడ మొండిది, చిన్న పూసలతో కుదిపే బీడ్ బీటర్‌తోనే పగలగొట్టండి. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ల రంధ్రాల పీవీడీఎఫ్ మెంబ్రేన్ వాడండి. మొదటి మెంబ్రేన్ వెనక రెండోది పెట్టి చూడండి: బ్యాండ్ అక్కడ తేలితే ప్రోటీన్ దాటిపోయిందన్నమాట, ట్రాన్స్‌ఫర్ సమయం తగ్గించాలి.

లేన్ నిండా బ్యాండ్లే

మీ యాంటీబాడీ కుందేలు పాలీక్లోనల్ (అనేక రకాల యాంటీబాడీల మిశ్రమం) అయితే, తయారీలో ఏ అడ్జువెంట్ (రోగనిరోధక స్పందన పెంచే పదార్థం) వాడారో కనుక్కోండి. ఫ్రాయిండ్ కంప్లీట్ అడ్జువెంట్‌లో చంపిన మైకోబ్యాక్టీరియా ఉంటుంది. అంటే కుందేలు మీ ప్రోటీన్‌తో పాటు మొత్తం బ్యాక్టీరియా మీదే యాంటీబాడీలు చేసి ఉంటుంది! ఇంజెక్షన్‌కి ముందు తీసిన సీరంలో ఇది కనబడదు. అందుకే అడ్జువెంట్ మాత్రమే ఇచ్చిన కుందేలు సీరమే సరైన కంట్రోల్. శుద్ధ హెచ్‌ఎస్‌పీఎక్స్ కాలమ్‌తో యాంటీబాడీని శుద్ధి చేయండి, లేదా సీఎస్-49 లాంటి, ఒకే లక్ష్యానికి అతుక్కునే మోనోక్లోనల్‌కి మారండి. బంధువైన మరో మైకోబ్యాక్టీరియం, స్మెగ్మాటిస్, పగలగొట్టిన కణాల లైసేట్‌తో అక్కర్లేని యాంటీబాడీలను అడ్సార్బ్ చేయడం (పీల్చేయించడం) నాకు నచ్చదు. దానిలోనూ ఇలాంటి ప్రోటీనే ఉంది, కావలసిన యాంటీబాడీ కూడా పోవచ్చు.

66 కిలోడాల్టన్ల దగ్గర మందపాటి మరక కనిపిస్తే అది చాలావరకు కల్చర్ పెంచే 7హెచ్9 మీడియాకి కలిపిన ఆల్బుమిన్. పెల్లెట్‌ని పీబీఎస్ బఫర్‌తో బాగా కడగండి.

బ్యాండ్ మొదట్లో బాగుండి, రానురాను మసకబారుతోంది

యాంటీబాడీని మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టించడమే సాధారణంగా కారణం. వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి, ఆటో డీఫ్రాస్ట్ లేని -20 ఫ్రీజర్‌లో పెట్టండి. మే నెలలో పార్సిల్ మధ్యాహ్నం ఎండలో గేటు దగ్గర ఆగిపోకుండా ముందే మనిషిని పెట్టండి. విప్పగానే ఐస్ ప్యాక్ ఇంకా గట్టిగా ఉందో లేదో చూసి రాసుకోండి.