తాగుడు మానేవాళ్లు తమ మనసులో ఏముందో కనిపెట్టడం ఎలా?

"ఏమైంది?" అని అడిగితే "ఏం లేదు, బానే ఉన్నా" అంటారు, కాసేపటికే గ్లాసు పట్టుకుంటారు. ఇంట్లోవాళ్లకి అది మొండితనంలా కనిపిస్తుంది. కానీ మందుకు బానిసైనవాళ్లలో చాలామందికి లోపల ఏదో కలవరంగా ఉందని తెలుస్తుందే తప్ప, అది కోపమో భయమో దిగులో నిజంగానే తేలదు. దీన్ని అలెక్సిథైమియా అంటారు. ఇది విడిగా ఒక జబ్బు కాదు, కొందరిలో తాగుడుకి ముందునుంచే ఉంటుంది.

ముందుగా ఒక మాట. రోజూ బాగా తాగే అలవాటుంటే సొంతంగా ఒక్కసారే మానేయకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు, డాక్టర్ని కలిసే మొదలుపెట్టండి.

ఇక మనసు సంగతి. ఆ ఫీలింగ్‌కి పేరు కోసం వెతక్కండి, ఒంటి దగ్గర మొదలుపెట్టండి. తాగాలనిపించిన క్షణంలో ఆగి చూసుకోండి: దవడ బిగుసుకుందా, గుండె దడగా ఉందా, కడుపులో తిప్పుతోందా? దానికి ముందు ఏం జరిగిందో కూడా రాయండి. "అన్నయ్య మాట మధ్యలో ఫోన్ పెట్టేశాడు. దవడ బిగిసింది. తాగాలనిపించింది." ఇంతే చాలు. ఆ తర్వాత కోపం, భయం, బాధ, సిగ్గు, ఒంటరితనం, వీటిలో ఏది దగ్గరగా ఉందో చూడండి, ఏదీ కుదరకపోతే "తెలియట్లేదు" అని రాయండి, అదీ నిజమే కదా. ఆకలి, నిద్రలేమి కూడా అచ్చం టెన్షన్ లాగే ఉంటాయి కాబట్టి తిన్నారా, పడుకున్నారా అన్నది కూడా చూసుకోండి. కొన్ని వారాలు రాశాక తిరగేస్తే ఒకే రకం సంఘటన, ఒకే రకం బిగుతు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, నాకైతే మొత్తంలో ఇదే అన్నిటికన్నా పనికొచ్చేదనిపిస్తుంది.

ఎదుటివాళ్ల ముఖాలు చదవడంలో కూడా పొరపాటు జరుగుతుంది, మామూలుగా ఉన్న ముఖంలోనూ కోపం కనిపించవచ్చు. అందుకే ఊహించుకోకుండా "నా మీద కోపంగా ఉన్నావా?" అని అడిగేయండి.

ఇంట్లోవాళ్లు "ఎందుకలా ఉన్నావ్?" అని నిలదీయకుండా "ఒంట్లో ఎక్కడ పట్టేసినట్టుంది?" అని అడిగి, జవాబుకి టైమ్ ఇవ్వండి. పాపం, ఆ మాట దొరకడానికి వాళ్లకి నిజంగానే సేపు పడుతుంది.

కౌన్సెలింగ్‌కి వెళ్తే "నా ఫీలింగ్స్ నాకు అర్థం కావు" అని మొదటిరోజే చెప్పండి. దీన్ని కొలవడానికి 20 ప్రశ్నల టొరంటో స్కేల్ ఉంది, అందులో 61 లేదా అంతకు మించి వస్తే అలెక్సిథైమియా ఉన్నట్టు లెక్క. మానేసిన మొదటి రోజుల్లో ఆందోళన, దిగులు ఎక్కువగా ఉండి స్కోరు పెరగొచ్చు, కాబట్టి కొన్ని వారాలాగి మళ్లీ చూడమని అడగండి.