స్వెట్టర్ సైజు తప్పుతోందా? ముందు సూది లావు కొలవండి

సమస్య: ప్యాటర్న్‌లో ఉన్నట్టే 90 కుట్లు వేశారు, వరసలు లెక్కపెట్టుకుంటూ అల్లారు. తీరా చూస్తే స్వెట్టర్ బిడ్డకి ఛాతీ దగ్గర పట్టేస్తోంది. లేదంటే టోపీ కళ్ళ మీదికి జారిపోతోంది.

నెల్లూరు ఎండల్లో ఊలు పని ఎవరికమ్మా అంటారు. కూతురి పురుడుకి అమెరికా వెళ్ళే అమ్మమ్మలకి! పచ్చళ్ళు, పొడులు సర్దిన పెట్టెలో టోపీ, సాక్సులు, స్వెట్టర్ సెట్టు కూడా ఉండాల్సిందే. ప్రయాణం వారం ఉందనగా "అక్కా, చిన్నదైపోయింది, ఇప్పుడెట్టా?" అంటూ నా దగ్గరికి తెస్తారు. నేను మొదట అడిగేది శాంపిల్ ముక్క. ఎక్కువమంది దగ్గర ఉండదు. నెల రోజుల పని పాడవకుండా ఒక్క సాయంత్రం పెట్టలేకపోయారే అని ప్రతిసారీ మనసు కష్టపడుతుంది.

మొదట చూడాల్సింది అదే. అదే ఊలు, అవే సూదులతో 30 కుట్లు వేసి, ఐదారు అంగుళాల ఎత్తు అల్లండి. స్వెట్టర్‌ని ఎలా ఉతుకుతారో దాన్నీ అలాగే ఉతికి ఆరబెట్టండి. అంచులు వదిలేసి, మధ్యలో 4 అంగుళాల్లో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. పాత అల్లిక పుస్తకాల్లో దీన్నే టెన్షన్ అని రాసేవాళ్ళు. ప్యాటర్న్‌లో 18 అని ఉండి మీకు 22 వస్తే, నాలుగు కుట్లే కదా అని వదిలెయ్యకండి. 4 అంగుళాలకి 18 చొప్పున 90 కుట్లు 20 అంగుళాలు అవుతాయి. 22 చొప్పున 16 అంగుళాల పైచిలుకే. మూడున్నర అంగుళాలు పోయినట్టే.

ఇక 22 ఎందుకొచ్చిందంటే, "నా చెయ్యి బిగుతు" అని అందరూ తమనే తిట్టుకుంటారు. నేనూ చాలా రోజులు అలాగే తిట్టుకున్నాను. అసలు కారణం సూది మీది నంబరు.

మన ఊళ్ళ షాపుల్లో దొరికే సూదుల మీద చాలావాటికి పాత ఇంగ్లీషువాళ్ళ నంబర్లే ఉంటాయి. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు, పెరిగేకొద్దీ లావు. మన 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, వాళ్ళ 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. మన 10 అంటే 3.25, వాళ్ళ 10 అంటే 6. ఫోన్‌లో దొరికే ప్యాటర్న్‌లలో చాలావరకు అమెరికావే. అందులో 8 అని చూసి ట్రంకు రోడ్డులో షాపుకెళ్ళి 8 అడిగితే, షాపతను 8వ నంబరే ఇస్తాడు. అతని తప్పేం లేదు.

నేను దెబ్బ తిన్నది 7వ నంబరు వల్ల. నా మొదటి అమెరికా ప్యాటర్న్‌లో 7వ నంబరు సూదులు రాసుంటే, ఇంట్లో ఉన్న 7తో అల్లాను. టోపీ కొలత పెట్టినట్టు కుదిరింది. రెండు లెక్కల్లోనూ 7 అంటే 4.5 మిల్లీమీటర్లే. రెండూ కలిసేది అక్కడే అని అప్పుడు నాకు తెలీదు. నంబర్లు ఎక్కడైనా ఒకటేనని నమ్మేసి, ఆ ధైర్యంతో మా ఆడపడుచు మనవడికి 8వ నంబరు ప్యాటర్న్ మొదలుపెట్టాను, శాంపిల్ లేకుండా. కార్తీకమాసం ముసురులో మూడు వారాలు కూర్చుని అల్లిన స్వెట్టర్ ఆ బిడ్డకి తల దూరలేదు. బిడ్డ చెయ్యి నా వేలు పట్టుకుని ఉంటే, ఆ చిన్న మెడపట్టీని ఎంత సాగదీసినా చెవుల దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

దీని వెనకాలే ఇంకో గుంట ఉంది. శాంపిల్ బిగుతుగా వస్తే ఒక సైజు పైకి వెళ్ళమని ప్యాటర్న్‌లో ఉంటుంది. కావలి నుంచి వచ్చే ఒకమ్మాయి 8 నుంచి 9కి, 9 నుంచి 10కి వెళ్ళింది. ప్రతి శాంపిలూ ముందుదానికంటే బిగుతే! మన సూదుల్లో లావు కావాలంటే నంబరు తగ్గాలి. 8 తర్వాత 7, ఆ తర్వాత 6.

అందుకే నంబరుని నమ్మొద్దు, మిల్లీమీటర్లే చూడండి. ప్యాటర్న్‌లో మిల్లీమీటర్లు రాసుంటే అదే కొనండి. సూది మీద అచ్చు చెరిగిపోతే కొలవడానికి దారం, స్కేలు ఉంటే చాలు, వేరే పరికరమేదీ అక్కర్లేదు. మొన వైపు కాకుండా మధ్యలో, మామూలు కుట్టుదారాన్ని పక్కపక్కనే ఆనించి బిగువుగా పది చుట్లు చుట్టండి. చుట్టు మొదలు, చివర పెన్నుతో గుర్తు పెట్టి, విప్పి స్కేలు మీద పరవండి. 13 సెంటీమీటర్ల దగ్గర వస్తే అది 4 మిల్లీమీటర్ల సూది, 16 దగ్గర వస్తే 5. ఇంకా కచ్చితంగా కావాలంటే లేత్ వర్క్‌షాపులో అడగండి, లావు కొలిచే వెర్నియర్ పెట్టి క్షణంలో చెప్తారు.

ప్యాటర్న్‌లో ఉత్త నంబరే ఉంటే ఇవి రాసి పెట్టుకోండి: అమెరికా 3కి మన 10, వాళ్ళ 5కి మన 9, 6కి 8, 8కి 6, 9కి 5, 10కి 4. కొక్కెం సూదితో క్రోషా అల్లేవాళ్ళకీ ఇలాంటి చిక్కే ఉంది, వాళ్ళకి కుట్ల పేర్లు మారతాయి. అమెరికావాళ్ళ సింగిల్ క్రోషా ఇంగ్లీషువాళ్ళకి డబుల్ క్రోషా.

మిగతా కారణాలు నాకు అరుదుగానే తగిలాయి. వరస విడిచి వరస వదులుగా ఉంటే జతలో ఒక సూది వేరే నంబరుదేమో చూడండి. రోహిణీ కార్తెలో చెమట చేతులకి యాక్రిలిక్, అంటే సింథటిక్ ఊలు, అతుక్కుని బిగుస్తుంది, పొద్దున్నే అల్లండి. వేడి ఇస్త్రీ తగిలి యాక్రిలిక్ సాగిపోతే మాత్రం దాన్ని బాగుచెయ్యలేం.

చిన్నదైన స్వెట్టర్‌ని తడిపి లాగితే పెరుగుతుందని ఆశపడకండి. యాక్రిలిక్ అయితే ఆరాక మళ్ళీ దగ్గరికొస్తుంది. కుట్టిన జాయింట్లు ముందు విప్పి, అల్లడం ముగించిన చివర నుంచి దారం లాగండి. కుర్చీ వీపుకి చిక్కుపడకుండా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో తడిపి నీడన వేలాడదీయండి. ఒంకర్లు చాలావరకు పోతాయి. ఉండ చుట్టుకుని, ఈసారి 30 కుట్ల ముక్కతో మొదలుపెట్టండి.