ముడి పడ్డాక మనసు: మాయాబంధంలో ప్రేమకథ రాయడం (5వ పాఠం)

పోయిన పాఠంలో మీ కథలోని మాయాబంధానికి, అంటే మాయతో ఇద్దరిని కలిపే ముడికి, నియమాలు రాసుకోమన్నాను. ఎవరు వేశారు, ఒకరి నుంచి ఒకరికి ఏం చేరవేస్తుంది, ఎంత దూరం పనిచేస్తుంది, తెగితే ఎవరికి నష్టం. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈ వారం పనంతా దానితోనే.

కొత్తగా రాసేవాళ్ళ డ్రాఫ్టుల్లో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. నా మొదటి కథలోనూ ఉంది:

"మంత్రం ముగియగానే అతని ప్రేమంతా ఆమె మనసులోకి ప్రవహించింది. ఇక మాటలతో పని లేకపోయింది."

వినడానికి బాగానే ఉంటుంది. కానీ మాటలతో పని లేకపోతే అలక, అపార్థం, చెప్పలేక ఆగిపోయిన మాట, అర్ధరాత్రి సర్దుబాటు, అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. ఇక మీరు రాయడానికి ఏముంది? అంతకన్నా పెద్ద లోపం, ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. బంధం వల్ల చనువు వస్తుంది, హక్కు రాదు. ఈ తేడా రచయితకు తెలియకపోతే, ఎంత అందంగా రాసినా పాఠకురాలికి ఊపిరాడదు.

మరి ప్రేమ ఎక్కడ కనిపించాలి? నేను ఎప్పుడూ తిరిగి వెళ్ళేది 12వ శతాబ్దపు ఫ్రెంచి కవి బెరూల్ చెప్పిన ట్రిస్టన్, ఇసోల్ట్ కథ దగ్గరికి. కూతురు, ఆమెను పెళ్ళాడబోయే మార్క్ రాజు తాగాలని ఇసోల్ట్ తల్లి కాచిన వలపు మందును పొరపాటున ఇసోల్ట్, మార్క్ మేనల్లుడు ట్రిస్టన్ తాగేస్తారు. బెరూల్ కథలో ఆ మందుకు గడువుంది: సరిగ్గా మూడేళ్ళు. రాజుకు దొరక్కుండా ఇద్దరూ అడవిలో దాక్కుని బతుకుతున్న రోజుల్లో, ట్రిస్టన్ దుప్పి వెంట పరిగెడుతుండగా ఆ గడువు తీరిపోతుంది. అతను ఉన్నచోటే ఆగిపోతాడు. పోగొట్టుకున్న కొలువు గుర్తొస్తుంది. దానితోపాటే, తెరలు కట్టిన గదిలో ఉండాల్సిన రాణిని గుడిసెలో పెట్టానే అన్న బాధ కూడా. ఇసోల్ట్ కూడా తన బతుకు ఏమైందో తలుచుకుని కుమిలిపోతుంది. ఇద్దరూ ఓగ్రిన్ అనే సన్యాసి దగ్గరికి వెళ్తారు, ఆయన మార్క్‌కు ఉత్తరం రాసిపెడతాడు, ఆమె తిరిగి మార్క్ దగ్గరికి చేరుతుంది.

అసలు పాఠం విడిపోయే ముందు సీన్‌లో ఉంది. ఆమె అతని వేటకుక్క హుస్డెంట్‌ను తనకిమ్మంటుంది. ఆకుపచ్చ రాయి పొదిగిన తన ఉంగరం అతనికిస్తుంది. తమ జాడ బయటపడకుండా, మొరగకుండా వేటాడటం అతను అడవిలో నేర్పిన కుక్క అది. మందు దిగిపోయిన తర్వాతే ఇవి ఇచ్చిపుచ్చుకున్నారని గమనించండి. ఏ మాయా వాళ్ళను బలవంతపెట్టలేదు. మీ కథలోనూ అలాంటి వస్తువు ఒకటి వెతకండి: బంధం అడగనిది, మనిషి ఇచ్చింది.

అయితే ప్రతి కథలోనూ బంధం దిగిపోనక్కర్లేదు. ఉండగానే దానికి ఒక ఖాళీ పెట్టండి, అంటే అది చేరవేయలేనిది ఒకటి ఉంచండి. మన ఇళ్ళల్లో కొంగులు ముడివేసుకుని ఏడడుగులు నడిచాక ఒకరినొకరు తెలుసుకున్న జంటలు ఎన్నో. కాఫీలో పంచదార ఎంతో తెలియదు, అడగడానికి బిడియం. ఆ మొదటి వారాలే మీ సరుకు. నేను ఇలా ప్రయత్నించాను. ఈ బంధంలో నొప్పి చేరుతుంది, కారణం చేరదు:

కౌశి అరికాలు చురుక్కుమంది. ముల్లు అతనికి గుచ్చుకోలేదు. రేవ ఎక్కడో చెప్పుల్లేకుండా నడుస్తోంది, ముల్లు తీసుకోకుండానే నడుస్తోంది. లాంతరు పట్టుకుని ఏటిగట్టుకు వెళ్ళాడు.

"నొప్పి ఓర్చుకోలేక వచ్చావా?" అంది, ఇటు తిరగకుండానే.

"నొప్పికైతే ఇంట్లో మందుంది. చెప్పులేమయ్యాయి?"

"అమ్మ కుట్టినవి. ఏట్లో కొట్టుకుపోయాయి."

అతను ఇంకేమీ అడగలేదు. తన చెప్పులు విప్పి ఆమె పక్కన పెట్టాడు. తిరిగొస్తుంటే ఈసారి ముల్లు అతనికి గుచ్చుకుంది. ఇద్దరూ ఒకేసారి ఆగారు.

ముల్లు నొప్పి వల్ల బయల్దేరాడు, అది బంధం చేసిన పని. చెప్పులు విప్పడం అతను చేసింది. మీ సీన్‌లో ఈ రెండిటి మధ్య గీత ఎక్కడుందో మీకు స్పష్టంగా తెలియాలి. పాఠకుడికి చెప్పక్కర్లేదు.

నియమం గురించి ఒక్క మాట. వేదకాలపు గ్రంథం శతపథ బ్రాహ్మణంలో పురూరవుడు తనకు నగ్నంగా కనిపించకూడదని ఊర్వశి షరతు. రాత్రి గంధర్వులు ఆమె పెంచుకునే గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతారు, ఇక్కడ మగవాడే లేనట్టు అయిందే అని ఆమె అరుస్తుంది, అతను బట్టలు చూసుకోకుండా లేచి ఉరుకుతాడు. గంధర్వులు మెరుపు మెరిపిస్తారు, ఆమె మాయమవుతుంది. షరతు తప్పింది ఆమె కోసం పరిగెత్తడం వల్లే. మీ కథలో నియమం తప్పే రోజున కారణం నిర్లక్ష్యమైతే పాఠకుడికి కోపం వస్తుంది. ప్రేమే కారణమైతే పుస్తకం కింద పెట్టలేడు.

ఈ వారం అభ్యాసం: మీ బంధం చేరవేయని విషయం ఒక్కటి కాగితం మీద రాయండి. తర్వాత ఒక్క రాత్రి ఆ బంధం సడలిపోయిందనుకుని, తెల్లారి లేవగానే ఇద్దరూ విడివిడిగా చేసే మొదటి పనిని 200 మాటల్లో రాయండి. "ప్రేమ" అన్న మాట వాడొద్దు. ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోవాలనుకుంటే వెళ్ళనివ్వండి, కథ కోసం ఆపొద్దు. 6వ పాఠంలో ఆ వెళ్ళిపోయినవాళ్ళ వెంటే వెళ్దాం.