కానుక వేసే ముందు కూలి లెక్క చూసుకోండి

మా ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగ్ అయ్యేసరికి ఎండలు ముదిరిపోతాయి. మూడేళ్ల కిందట ఆ పనికి వచ్చిన ఒక పెద్దమ్మకి పదకొండు వందల యాభై బాకీ పడ్డాను. వేలం డబ్బులు రాగానే ఇస్తానన్నాను. వచ్చాయి, ఎరువుల కొట్టుకి పోయాయి, నేను మర్చిపోయాను. క్రిస్మస్ ఆరాధనలో కానుక సంచి ఆడవాళ్ల వైపు తిరుగుతుంటే ఆమె కొంగు ముడి విప్పి, నలిగిపోయిన పది రూపాయల నోటు తీసి వేసింది. తర్వాత సంచి నా దగ్గరికొచ్చింది, ఐదొందలు వేశాను. అవి ఎవరి ఐదొందలో వేశాక గానీ తట్టలేదు.

సాయంత్రం పోయి మొత్తం చేతిలో పెడితే, "నీ కాడ ఉంటే యాడికి పోతాయిలే అబ్బయా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

అందుకే మొదటి పని నోటు పుస్తకం తెరవడం. ఈ సంవత్సరం మీ దగ్గర పనిచేసిన వాళ్ల పేర్లన్నీ రాయండి, పేడ తీసే ఆమె, మోటారు బాగుచేసిన కుర్రాడు, మందిరానికి సున్నం వేసిన వాళ్లు కూడా. ఎవరికెంత మిగిలిందో పక్కన వేయండి. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24:15 కూలి పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యమంటుంది. వేలం డబ్బు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు కాబట్టి పని మొదలుపెట్టే ముందే కూలి డబ్బు విడిగా తీసి పెట్టుకోవాలి, లేదంటే మళ్లీ అదే కథ. ఆడవాళ్లకి, మగవాళ్లకి ఒకే పనికి ఒకే కూలి ఇస్తున్నారా అనేది కూడా అదే పేజీలో తేలిపోతుంది. యేసును కలిశాక పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మనం ఉన్నదున్నట్టు ఇవ్వడానికే ఎనిమిది నెలలు తీసుకుంటాం.

రెండోది కష్టమైనది. నెల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది గిరిజన (ఎస్టీ) కుటుంబాలను చూసే ఉంటారు. ఎప్పుడో ఆస్పత్రికనో పెళ్లికనో కొంత అడ్వాన్సు తీసుకుంటారు, దాని కింద మొగుడూ పెళ్లాం రాత్రీ పగలూ గట్టు మీదే, ఇంకోచోట పనికి పోతామంటే బాకీ తీర్చి పొమ్మంటారు. ఇలాంటిది తెలిసినప్పుడు మన చర్చి సంఘాల్లో వెంటనే చేసేది చందా ఎత్తి ఆ బాకీ కట్టెయ్యడం. మంచి మనసే, కానీ కట్టకండి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు, మీరు కడితే చెల్లుతుందని ఒప్పుకున్నట్టు, రేపు ఆ గట్టు మీదకి ఇంకో కుటుంబం వస్తుంది.

ముందు వాళ్లతో కూర్చోండి, యజమాని లేని చోట. వాళ్లకి ఏం కావాలో అడగండి, బయటికి రావాలని మీకుంటే చాలదు, వాళ్లకుండాలి. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, నెలకి చేతికెంత వస్తోంది, ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకుని చదివి వినిపించండి. ఆవేశంగా గుంట దగ్గరికి పోయి గొడవ పెట్టుకోవద్దు, మీరు రాత్రికి ఇంటికొచ్చేస్తారు, వాళ్లు అక్కడే ఉండాలి. అర్జీ ఆర్డీవోకి ఇవ్వండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. వెట్టి అని తేలితే, విడిపించినట్టు అధికారి రాసిచ్చే విడుదల పత్రం అడిగి మరీ తీసుకోవాలి, పునరావాసానికి అదే ఆధారం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు, ఫోన్ 15100. ఒక మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ హోదా ఉండదు, ఎస్టీలకు మాత్రం మతంతో సంబంధం లేదు. అట్రాసిటీ కేసు (ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల చట్టం కింద పెట్టేది) అనే ముందు లాయరుతో ఈ సంగతి మాట్లాడుకోండి, మధ్యలో బయటపడితే కేసు దెబ్బతింటుంది.

ఇంకొకటి, సాయం చేసి బాప్తిస్మం గురించి ఎత్తకండి. మన పెద్దలకు ఇది తెలుసు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, అంతకు ముందు ఆపిన నెలల గురించి ఎవరూ చెప్పరు.

సంఘం లోపలి సంగతులు పొడుగ్గా రాయను, మీకూ తెలుసు. సమాధుల తోటలో ఎవరికి ఏ మూల ఇస్తున్నారు, మాల సంఘం, మాదిగ సంఘం అని ఇప్పటికీ ఎందుకంటున్నారు, కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది, కానుకల లెక్క గోడకి అంటిస్తున్నారా లేదా. ఒక్కోటి ఒక్కో మీటింగులో అడగండి. అన్నీ ఒకేసారి అడిగితే "వీడికి ఈమధ్య ఏదో అయింది" అని ప్రార్థన పెడతారు, నాకు పెట్టారు.

సోమవారం కలెక్టరేట్‌కి పోయేటప్పుడు ఆధార్ జిరాక్సులు, అర్జీ రెండు కాపీలు, మంచినీళ్ల బాటిల్ పెట్టుకోండి, లైను పెద్దది. మీతో వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి పోతుంది, ఆ కూలి, బస్సు ఛార్జీ రెండూ సంఘం డబ్బుల్లోంచి ఇవ్వాలి. మా దగ్గర క్రిస్మస్ స్టార్లకీ సీరియల్ లైట్లకీ పద్దు ఉంది, దీనికి లేదు. జనవరి మీటింగులో అడగబోతున్నాను, ఈసారి ఇదొక్కటే.