రాయగడలో పిల్లల్ని అంగన్‌వాడీలో చేర్పించాలంటే

పార్వతీపురం వైపు నుంచి ఒడిశాలోని రాయగడకి పనికొచ్చిన ఆడవాళ్ళకి నేనెప్పుడూ చెప్పేదే ఇది. బిడ్డని చూసేవాళ్ళు లేరని పని మానేయకండి, ముందు మీ వార్డు అంగన్‌వాడీకి వెళ్ళండి. ఫీజు లేదు. ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, టీకాల కార్డు పట్టుకెళ్ళండి. సొంతూళ్ళో పేరుంటే పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే ప్రభుత్వ యాప్) ఇక్కడికి మార్చమని అంగన్‌వాడీ దీదీని అడగండి.

6 నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి ఛతువా అనే పోషకాహార పిండి ఇంటికిస్తారు. 3 నుంచి 6 ఏళ్ళ వాళ్ళకి అక్కడే వేడి అన్నం, గుడ్డు, ఆటపాటలు. మా పాప మొదట్లో గడప దాటనంది; నా పాత చీర ముక్క చేతిలో పెడితే కూర్చుంది. ఆ కాసేపట్లో నేను కుట్టే జాకెట్ల డబ్బుతోనే ఇంట్లో పాలు, కూరగాయలు గడుస్తున్నాయి.

అసలు చిక్కు టైముతోనే. మధ్యాహ్నానికే పంపేస్తారు, మన పని సాయంత్రం దాకా. అందుకే దగ్గర్లో పాల్నా క్రెష్, అంటే పనికెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునే కేంద్రం, ఉందేమో తప్పకుండా అడగండి. కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే పథకం అది. 6 నెలల బిడ్డ నుంచి చూసుకుంటారు, రోజుకి ఏడున్నర గంటలు, నెలకి 26 రోజులు.

క్రెష్ లేదని చెబితే ఊరుకోవద్దు. తల్లులంతా కలిసి, క్రెష్ కావాలని సీడీపీఓ (అంగన్‌వాడీల పైన ఉండే శిశు అభివృద్ధి అధికారి) ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఎవరి బిడ్డకి ఎన్నేళ్ళో, ఎవరు ఎన్నింటికి పనికెళ్తారో అందులో రాసి, రసీదు అడిగి తీసుకోండి.