పర్-సీపీయూ వేరియబుల్స్, భాగం 4: మన కాపీని పట్టుకునేది ఎలా

పోయిన భాగంలో కౌంటర్‌ని సీపీయూకి ఒక కాపీ చొప్పున విడదీశాం కదా, దాంతో ఒకే 64 బైట్ల క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్క) కోసం కోర్లన్నీ కొట్టుకోవడం ఆగింది. మరి నడుస్తున్న కోడ్ తన కాపీని ఎలా వెతుక్కుంటుంది? ఈసారి అదే.

అందరికీ ముందు తట్టేది అర్రే, దానికి సీపీయూ నంబర్ ఇండెక్స్. నేనూ అలాగే రాశా. నంబర్ తెచ్చుకోవాలి, అడ్రస్ లెక్కేయాలి, విలువ చదవాలి, పెంచి మళ్ళీ రాయాలి, ఈ మధ్యలో షెడ్యూలర్ మన టాస్క్‌ని లేపి ఇంకో కోర్ మీద పడేస్తే పరిస్థితేంటి? 2వ సీపీయూ మీద 41 చదివారనుకోండి, అక్కడే ప్రీఎంప్ట్ అయ్యారు (అంటే షెడ్యూలర్ మిమ్మల్ని మధ్యలో ఆపి సీపీయూ వేరేవాళ్ళకిచ్చింది), మళ్ళీ లేచింది 5వ సీపీయూ మీద. ఈలోపు 2 మీద వేరే టాస్క్ అదే కౌంటర్‌ని 50 చేసేసింది, మీరొచ్చి తీరిగ్గా 2వ సీపీయూ కాపీలోనే 42 రాసి వెళ్ళారు. ఎర్రర్ రాదు, క్రాష్ అవ్వదు, లెక్క మాత్రం తప్పు. నాకు రెండు రోజులు పోయాయి దీని వల్ల.

ఎక్స్86-64 లినక్స్‌లో దీనికి జీఎస్ రిజిస్టర్ వాడతారు. బూట్ అయ్యేటప్పుడే ప్రతి సీపీయూ తన ఏరియాకి దారి చూపే బేస్‌ని జీఎస్‌లో పెట్టుకుంటుంది (యూజర్ మోడ్ నుంచి కెర్నెల్‌లోకి వచ్చేటప్పుడు జీఎస్ బేస్‌ని కెర్నెల్ దానికి మార్చే స్వాప్‌జీఎస్ ఇన్‌స్ట్రక్షన్ నడిపేది అందుకే). ఇక దిస్_సీపీయూ_ఇంక్ అని రాస్తే, జీఎస్ బేస్‌కి వేరియబుల్ ఆఫ్‌సెట్ (ఎంత దూరంలో ఉందో ఆ లెక్క) కలిపి అక్కడున్నదాన్ని పెంచడం మొత్తం ఒకే ఇన్‌స్ట్రక్షన్. ఇంటరప్ట్ వస్తే దానికి ముందు రావాలి, లేదా తర్వాత. మధ్యలో దూరడానికి సందే లేదు. ఆ కాపీలో వేరే సీపీయూ రాయదు కాబట్టి లాక్ ప్రిఫిక్స్ (మిగతా సీపీయూలు అడ్డురాకుండా ఇన్‌స్ట్రక్షన్‌కి ముందు పెట్టేది) ఖర్చు కూడా లేదు.

ఆర్మ్64లో ఇంత సుఖం లేదు. ఆ సీపీయూ ఏరియాకి దారి చూపే ఆఫ్‌సెట్ టీపీఐడీఆర్_ఈఎల్1 అనే రిజిస్టర్‌లో ఉంటుంది, దాన్ని చదవడం ఒక స్టెప్పు, పెంచడం ఇంకో స్టెప్పు, అందుకే ఆ కాసేపు ప్రీఎంప్షన్ ఆపుతారు.

జాగ్రత్త పడాల్సింది మన సీపీయూ కాపీకి పాయింటర్ ఇచ్చే దిస్_సీపీయూ_పీటీఆర్ దగ్గర. పాయింటర్ చేతికొచ్చాక ప్రీఎంప్ట్ అయితే కథ మళ్ళీ మొదటికే, కాబట్టి గెట్_సీపీయూ_పీటీఆర్ (ప్రీఎంప్షన్ ఆపి పాయింటర్ ఇస్తుంది), పుట్_సీపీయూ_పీటీఆర్ (ఆ ఆపడాన్ని ఎత్తేస్తుంది) జంటగా వాడండి, ఆ రెండిటి మధ్య నిద్రపోయే ఫంక్షన్ ఏదీ పిలవొద్దు.

వచ్చే భాగంలోపు చేయాల్సింది: అన్ని కాపీలూ కూడి టోటల్ చూపించే ఫంక్షన్ రాయండి. లూప్ ఫర్_ఈచ్_పాసిబుల్_సీపీయూ (ఆఫ్‌లైన్‌లో ఉన్నవాటితో సహా అన్ని సీపీయూల మీదా తిరిగేది) మీదే తిప్పండి, ఆన్‌లైన్ వాటి మీద తిప్పితే మధ్యలో ఆపేసిన సీపీయూ లెక్క టోటల్లోంచి ఎగిరిపోతుంది. ఒకసారి కావాలనే అలా రాసి, ఒక సీపీయూని ఆఫ్‌లైన్ చేసి నంబర్ చూడండి.