శుభలేఖల బల్ల మీద వెండి యాంటెన్నా

నాన్న హైదరాబాద్ ఛత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చువేసేవారు. అదే బల్ల మీద నేనిప్పుడు పాలియెస్టర్ ఫిల్మ్‌పై వెండి ఇంకుతో ఆర్ఎఫ్ఐడీ (తాకకుండా రేడియో తరంగాలతో చదివే చిప్ ట్యాగ్) యాంటెన్నా నమూనాలు వేస్తున్నాను. మన దేశంలో వీటి బ్యాండ్ 865–868 మెగాహెర్ట్జ్.

మొదట ఫిల్మ్‌ని ఖాళీగానే ఓవెన్‌లో పెట్టండి. 130 డిగ్రీల్లో అరగంట, ఎక్కడా బిగించకుండా వదులుగా. నేను ఈ పని చేయకుండా నేరుగా అచ్చేసి కాల్చాను, ఫిల్మ్ ముడుచుకుపోయింది. ఒక్క శాతం కుదించుకున్నా యాంటెన్నా పలికే ఫ్రీక్వెన్సీ దాదాపు 9 మెగాహెర్ట్జ్ పైకి పోతుంది. ఆ 30 షీట్లూ చెత్తబుట్టకే.

ఇంకు దిగే స్క్రీన్‌కి 325 స్టీల్ మెష్ (అంగుళానికి 325 తీగలున్న జాలీ) వాడతాను. దాన్ని ఫ్రేముకి నిటారుగా కాక 22.5 డిగ్రీల వాలుగా బిగించమనండి, లేకపోతే గీత అంచు రంపంలా వస్తుంది. శుభలేఖలో అది కంటికి ఆనదు. ఇక్కడ మాత్రం అంచు చెడితే నష్టమే, ఎందుకంటే ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు అంచుల్లోనే ఎక్కువగా గుమిగూడుతుంది. పైపొరలోనే నడుస్తుంది కూడా. అచ్చమైన వెండిలో ఆ పొర 2 మైక్రాన్లకు కాస్త ఎక్కువ. ఇంకులో వెండి రేకుల మధ్య జిగురు ఉంటుంది కాబట్టి నిరోధం ఇరవై రెట్లు అనుకుంటే, ఆ పొర 10 మైక్రాన్ల దాకా వస్తుంది. అందుకే ఎండాక ఇంకు మందం 10 మైక్రాన్లు ఉండేలా చూసుకోండి. పల్చగా లాగడమే పనితనమని నాన్న నేర్పింది ఇక్కడ పనికిరాదు.

డబ్బా అడుగున వెండి పేరుకుంటుంది. గరిటెతో నెమ్మదిగా కలపండి, గిలక్కొడితే బుడగలొస్తాయి. థిన్నర్ జోలికి పోవద్దు, గీతలు పక్కకి పాకుతాయి. స్క్వీజీ (ఇంకుని లాగే రబ్బరు పట్టీ) గట్టిదనం 70–75 షోర్, ఫిల్మ్‌కీ స్క్రీన్‌కీ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం.

అచ్చేశాక ఓవెన్‌లో 130 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు. ప్రతి షీటు మూలనా మిల్లీమీటరు వెడల్పు, 100 మిల్లీమీటర్ల పొడవున్న గీత ఒకటి వేస్తాను. మల్టీమీటరుతో కొలిచి, దాని వైర్ల నిరోధం తీసేశాక అది 3–4 ఓమ్‌లు చూపాలి. పది దాటితే సరిగా కాలలేదనో, పల్చగా పడిందనో అర్థం. మళ్లీ ఓవెన్‌లో పెట్టి కొలిస్తే రెండిట్లో ఏదో తేలిపోతుంది.

చిప్‌ని టంకం వేయకండి, గీత లేచిపోతుంది. వెండి ఎపాక్సీ చుక్క చాలు.

స్క్రీన్ మీద మిగిలిన ఇంకుని శుభ్రంగా గీకి మళ్లీ డబ్బాలో వేస్తాను. నాన్నయితే గుడ్డతో తుడిచి పారేసేవారు. ఆయనది వెండి కాదుగా!